చేయి తిరిగితేనే... డిజైన్!

కంప్యూటర్ మీద నాలుగు గీతలు గీసి, రంగులు నింపేస్తే డిజైన్ అయిపోతుందా? నల్గొండ ఇక్కత్ మగ్గాల దగ్గర, పాలమూరు జరీ అంచుల దగ్గర ఆ లెక్క కుదరదు. అక్కడ డిజైనర్ అనిపించుకోవాలంటే ముడి వేయడం రావాలి. రంగు తొట్టిలో చేయి ముంచాలి. అన్నిటికీ మించి, ఆసు ముందు కూర్చునే ఆడవాళ్ల భుజం నొప్పి ఏమిటో తెలియాలి.

పెళ్లికో పండక్కో పోచంపల్లి చీర కొందామని దుకాణానికి వెళ్తాం. మడత విప్పి కొంగు పరుస్తారు. చిలకలు, ఏనుగులు, వజ్రాల్లాంటి గళ్లు. 'డిజైన్ బాగుందే' అనుకుంటూ చేత్తో తడిమి చూస్తాం. ఇంకాస్త దగ్గరగా చూస్తే ఓ విచిత్రం కనిపిస్తుంది. ఆ చిలక ముక్కు కత్తితో కోసినట్టు ఉండదు. ఎరుపు రంగు తెలుపులోకి పోగంత జారి ఉంటుంది, తడి కాగితం మీద సిరా పాకినట్టు. తెలియనివాళ్లు అది లోపం అనుకుంటారు. తెలిసినవాళ్లు మొట్టమొదట చూసేదే దాన్ని. ఎందుకంటే ఆ జారుడే, చీర చేత్తో చేసిందని చెప్పే సంతకం!

ఇంతకీ ఆ చిలకను గీసిందెవరు? కాగితం మీద గీసినవారా, ముడులు వేసినవారా, రంగు అద్దినవారా, నేసినవారా? ఈ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ వెళ్తే డిజైన్ అనే మాటకే కొత్త అర్థం తెలుస్తుంది.

గీత ఒకటి... తిప్పుళ్లు వేలు

మామూలు చీరకు నేసేటప్పుడో, నేశాక అద్దకంలోనో డిజైన్ వస్తుంది. ఇక్కత్‌లో అలా కాదు. బట్ట పుట్టకముందే, దారం దశలోనే బొమ్మ తయారైపోవాలి. 'ఇక్కత్' అన్నది 'కట్టడం' అనే అర్థమున్న మలయ్ మాట నుంచి వచ్చింది. మన దగ్గర దీన్ని చిటికి అనేవారు. ఇప్పుడు అందరి నోటా నలిగేది 'టై అండ్ డై'.

ముందుగా గ్రాఫ్ కాగితం మీద బొమ్మ వేస్తారు. ఆ కాగితంలో ఒక్కో గడి కొన్ని పోగుల కట్టకు గుర్తు. తర్వాత పేక దారాన్ని ఆసు పోయాలి. ఆసు అంటే ఒక చట్రం. ఒక పక్కన ఒక మేకు, ఎదురుగా అర్ధచంద్రాకారంలో వరసగా మేకులు ఉంటాయి. దారాన్ని ఆ ఒంటి మేకు నుంచి ఎదుటి మేకుకు, అక్కడినుంచి వెనక్కి, మళ్లీ పక్క మేకుకు చుట్టుకుంటూ పోవాలి. పోగుల వరస తప్పకూడదు, లెక్క తప్పకూడదు. ఒక చీరకు చేయి ఇలా దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ తిరగాలి. రోజుకు రెండు చీరలకు ఆసు పోస్తే 18,000 సార్లన్నమాట. తరతరాలుగా ఈ పని ఇంట్లో ఆడవాళ్లదే.

ఆసు మీది దారాన్ని చట్రానికి బిగించి, గ్రాఫ్ ప్రకారం బొగ్గుతో గుర్తులు పెడతారు. రంగు అంటకూడని చోట సైకిల్ ట్యూబు నుంచి కోసిన సన్నటి రబ్బరు పట్టీలు బిగించి ముడులు వేస్తారు. రంగులో ముంచుతారు. ఆరాక కొన్ని ముడులు విప్పి, ఇంకొన్ని వేసి, మరో రంగు. ఎన్ని రంగులుంటే అన్నిసార్లు ఇదే తంతు. చివరికి ముడులన్నీ విప్పి, దారాన్ని వరస తప్పకుండా కండెలకు చుట్టి, నాడెలో పెట్టి నేస్తారు. నేస్తున్నప్పుడు కూడా ఒక్కో పోగునూ అంచు దగ్గర సరిచూసుకుంటూ, అవసరమైతే వెంట్రుకవాసి జరుపుకుంటూ వెళ్లాలి. అప్పుడుగానీ చిలకకు ముక్కు రాదు.

ముడి నేర్పే పాఠాలు

డిజైన్ కోర్సులు చదివే పిల్లలు మగ్గాలున్న ఊళ్లకు వెళ్లి కొన్నాళ్లు గడపడం ఇప్పుడు మామూలే. 1995లో హైదరాబాద్‌లో మొదలైన నిఫ్ట్ లాంటి సంస్థల్లో చేతివృత్తుల ఊళ్లను చూసి రావడం చదువులో భాగం. చూడటం వేరు, చేయడం వేరు. చేత్తో ఒక్కసారి ముడి వేసినవారికి ఏ పుస్తకమూ చెప్పని సంగతులు బోధపడతాయి.

మొదటిది గీత సంగతి. కంప్యూటర్ తెర మీద వెంట్రుకంత గీత గీయొచ్చు. కానీ ముడి పడేది ఒక్క పోగుకు కాదు, పోగుల కట్టకు. కట్ట ఎంత మందం ఉంటే గీతకు అంత వెడల్పు తప్పదు. కట్టను సన్నం చేస్తే గీత సన్నబడుతుంది, దాంతోపాటే ముడుల సంఖ్య పెరుగుతుంది. అంటే కాగితం మీద చెరిపి మళ్లీ గీసిన గీత కట్టేవారికి ఇంకో పూట పని. గుండ్రటి బొమ్మలకన్నా వజ్రాలు, మెట్లు, అలల్లాంటి గీతలు ఇక్కత్‌లో ఎక్కువగా ఎందుకు కనిపిస్తాయో అప్పుడు అర్థమవుతుంది. పోగుల కట్టలు మెట్లు మెట్లుగానే నడుస్తాయి మరి!

రెండోది రంగుల లెక్క. తెర మీద పది రంగులు నింపడానికి పది క్లిక్కులు చాలు. రంగు తొట్టి దగ్గర లేత రంగుతో మొదలుపెట్టి ముదురు వైపు వెళ్లాలి. తెల్లగా మిగలాల్సిన చోటు ముందే కట్టేయాలి, పసుపుగా మిగలాల్సింది పసుపు ముంచాక కట్టాలి, ఆ తర్వాత ఎరుపు, చివరికి నలుపు. పసుపు మీద పడ్డ నీలం ఆకుపచ్చ అవుతుంది. కాబట్టి ఏ రంగు పక్కన ఏది రావాలో నిర్ణయించేది కంటికి నచ్చడం ఒక్కటే కాదు, ముంచే వరస కూడా. చేయి తిరిగినవాళ్లు మూడు రంగులతోనే అయిదు రంగుల అందం తెప్పిస్తారు.

మూడోది ఓపిక. ముడి వదులైతే రంగు లోపలికి పాకుతుంది. ఆ తప్పు అప్పుడు కనిపించదు. విప్పినప్పుడో, ఇంకా ఆలస్యంగా నేతలోనో బయటపడుతుంది. అప్పటికి వారాల శ్రమ అయిపోయి ఉంటుంది. వెనక్కి వెళ్లే మీట ఏదీ అక్కడ లేదు. అందుకే అనుభవజ్ఞులు జారుడును కూడా డిజైన్‌లో కలుపుకొనే గీస్తారు. అంచు కాస్త పాకినా బొమ్మ చెడనంత చోటు ముందే వదులుతారు. కొత్తగా నేర్చుకునేవాళ్లు సరిగ్గా ఇక్కడే బోల్తాపడతారు. రెండు రంగుల మధ్య జాగా వదలకుండా గీస్తారు. నేశాక చూస్తే పువ్వు ముద్దగా కనిపిస్తుంది.

అమ్మ చేయి కోసం...

ఇవన్నీ బొమ్మకు సంబంధించిన పాఠాలు. అంతకన్నా పెద్ద పాఠం ఆసు నేర్పుతుంది. దాన్ని అందరికన్నా బాగా నేర్చుకున్నది ఏ డిజైన్ కళాశాలకూ వెళ్లని ఒక నేతబిడ్డ.

చింతకింది మల్లేశంది ఉమ్మడి నల్గొండ జిల్లా ఆలేరు మండలంలోని శారాజీపేట. ఇంటి పరిస్థితుల వల్ల చదువు బడి దశలోనే ఆగిపోయింది. తల్లి లక్ష్మి ఆసు పోసేవారు. ఏళ్ల తరబడి ఆ తిప్పుళ్లతో భుజం, మోచేయి నొప్పులు. కొడుకు ఆ పనిని దూరం నుంచి చూసిన మనిషి కాదు. ఆ ఇంట్లోనే, ఆ దారాల మధ్యే పెరిగాడు. దారం ఎక్కడ బిగుసుకుంటుందో, ఎక్కడ వదులవుతుందో, చేయి ఎక్కడ మలుపు తిరుగుతుందో అతనికి తెలుసు. ఆ చేతి కదలికను యంత్రంతో చేయించాలని 1992లో మొదలుపెట్టాడు.

డబ్బు లేదు, ఇంజినీరింగ్ చదువు లేదు. చుట్టూ నవ్వినవాళ్లు మాత్రం చాలామంది. ఒక్కో భాగం తయారుచేసుకుంటూ, డబ్బయిపోతే ఆగిపోతూ ఏళ్లు గడిచాయి. చివరికి హైదరాబాద్ వెళ్లి పనిలో చేరి, జీతంలో మిగిల్చిన డబ్బుతో మళ్లీ భాగాలు చేయించుకున్నాడు. దారాన్ని మేకు చుట్టూ తిప్పే ఆఖరి కదలిక ఒక్కటి ఎంతకీ కుదరలేదు. బాలానగర్‌లో పని మీద ఓ కర్మాగారానికి వెళ్లినప్పుడు అక్కడి యంత్రం కదలిక చూసి చిక్కు విడిపోయింది. 1999లో యంత్రం పూర్తయింది. దానికి అమ్మ పేరే పెట్టాడు... లక్ష్మీ ఆసు యంత్రం.

చేత్తో అయిదారు గంటలు పట్టే ఒక చీర ఆసు, యంత్రం మీద గంటన్నరలో అయిపోయింది. 2011లో పేటెంట్ దక్కింది. 2017లో పద్మశ్రీ వరించింది. 2019లో ఆయన కథ 'మల్లేశం' పేరుతో సినిమాగా వచ్చింది. ప్రియదర్శి ఆ పాత్ర పోషించారు.

ఈ కథను పట్టుదలకు ఉదాహరణగా చెప్పుకోవడం మామూలే. డిజైన్ కోణంలో చూస్తే ఇంకో విషయం కనిపిస్తుంది. పెద్ద చదువులు చదివినవారి చేతుల్లో ఇలాంటి యంత్రం అంతకుముందే ఎందుకు పుట్టలేదు? ఆసు ముందు పొద్దంతా కూర్చున్నవారికి గానీ అసలు సమస్య ఎక్కడుందో తెలియదు కాబట్టి. చీర ధరలో రంగుకూ పట్టుకూ నేతకూ లెక్క ఉంటుంది. ఇంట్లో ఆడవాళ్లు తిప్పిన ఆ 9,000 తిప్పుళ్లు మాత్రం ఇంటిపనిలో కలిసిపోయాయి. లెక్కలో లేని శ్రమను లెక్కలోకి తేవడమే మల్లేశం చేసిన మొదటి డిజైన్!

నూనెలో నానిన ఎరుపు

ఇక్కత్‌లో పేకను మాత్రమే కట్టి రంగు వేయడం ఒక ఎత్తు. పడుగు, పేక రెండింటికీ ముడులు వేసి, నేతలో ఆ రెండు బొమ్మలూ సరిగ్గా ఒకదాని మీద ఒకటి పడేలా చేయడం మరో ఎత్తు. ఈ జంట ఇక్కత్ ప్రపంచంలో చాలా కొద్ది చోట్లే ఉంది. గుజరాత్‌లోని పటన్, ఇండోనేషియా బాలి దీవిలోని తెంగనాన్, జపాన్... వాటి సరసన మన నల్గొండ పల్లెలు.

సంస్థాన్ నారాయణపురం మండలంలోని పుట్టపాక పేరు చెప్పగానే తేలియా రుమాలు గుర్తొస్తుంది. చీరాల ప్రాంతంలో వెలిగి, సముద్రాలు దాటి అరబ్బు దేశాలకు తలగుడ్డగా వెళ్లిన బట్ట ఇది. ఎరుపు, నలుపు, తెలుపు మాత్రమే ఉంటాయి. పేరులోని 'తేలియా' అంటే నూనెది అని. నూలును నూనెలో, ఆముదపు కాయల తొక్కల బూడిద కలిపిన నీళ్లలో పదేపదే నానబెట్టి, పిసికి, ఎండబెడతారు. రోజుల తరబడి సాగే పని. ఆ నూనె పట్టిన నూలుకే అలిజరిన్ ఎరుపు గట్టిగా అంటుకుంటుంది. అంటే తేలియాలో ఎరుపు రంగును ఎంచుకోవడమంటే ముందు నూనెను ఎంచుకోవడమే! చేతులు జిడ్డు చేసుకోనివారికి ఆ ఎరుపు చిక్కదు.

సంప్రదాయం అనగానే మారనిది అనుకుంటాం కదా. పాత తేలియా రుమాళ్లలో గడియారాలు, విమానాలు, గ్రామఫోన్లు కూడా కనిపిస్తాయి. కొత్త వస్తువు కంటపడగానే దాన్ని పోగుల లెక్కలోకి మార్చేశారు ఆనాటి నేతకారులు. ఈ విద్యను నిలబెట్టిన పుట్టపాకకు చెందిన గజం గోవర్ధన 2011లో, గజం అంజయ్య 2013లో పద్మశ్రీ అందుకున్నారు. 2020లో పుట్టపాక తేలియా రుమాలుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది.

పాలమూరు పాఠం

నల్గొండలో ముడి గురువైతే, పాలమూరులో ఆ చోటు బిగువుది. కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న గద్వాలలో నేసే చీరకు ఒంటి భాగం నూలు, అంచూ కొంగూ పట్టు. ఈ రెండింటినీ నేశాక కలిపి కుట్టరు. నేస్తున్నప్పుడే నూలు పేకనూ పట్టు పేకనూ వరసవరసకూ చేత్తో మెలిపెట్టి కలుపుతారు. దీన్నే కుట్టు నేత, కుప్పడం అంటారు. ఆ కలిసే గీత మీదే కోటకొమ్మలు లేస్తాయి.

కాగితం మీద అంచు వేరే రంగు, ఒళ్లు వేరే రంగు. అంతే కదా అనిపిస్తుంది. మగ్గం మీద కూర్చుంటే అవి రెండు స్వభావాలు! నూలు ఒకలా సాగుతుంది, పట్టు మరోలా. నూలు తడిస్తే ముడుచుకుంటుంది. దానికి తోడు జరీ బరువు. వెండి లేదా రాగి తీగను రేకులా నలగ్గొట్టి, దారం చుట్టూ చుట్టి, బంగారు పూత పూసిన పోగు అది. అంచు మీద జరీ మరీ ఎక్కువైతే బిగువు మారుతుంది, ఉతికాక అంచు ముడతలు పడుతుంది. ఎంత వెడల్పు అంచుకు ఎంత జరీ అన్నది వేళ్లకే తెలుస్తుంది. తిరుమల బ్రహ్మోత్సవాలకు శ్రీవారికి గద్వాల సంస్థానం తరఫున వెళ్లే ఏరువాడ జోడు పంచెలు కూడా ఇక్కడి మగ్గాల మీదే, నేతకారులు దీక్షలో ఉండి నేస్తారు.

నారాయణపేటది ఇంకో దారి. గళ్ల ఒంటికి నిరాడంబరమైన అంచు. ఒకే పడుగు మీద ఎనిమిది చీరల దాకా నేస్తారు. కాబట్టి పడుగులో ఒక చార తప్పుగా పడితే ఎనిమిది చీరల్లోనూ అదే తప్పు. పడుగు ఎక్కించకముందే వందసార్లు ఆలోచించడం అక్కడ అలవాటవుతుంది. ఎప్పుడో చేసిన ఒక చిన్న నిర్ణయం ఎంత దూరం వెంట వస్తుందో డిజైనర్‌కు అంతకన్నా బాగా చెప్పే బడి లేదు.

శుభలేఖలోనూ ఇదే కథ

ఇది మగ్గానికే పరిమితమైన విషయం కాదు. ఇంటికొచ్చే పెళ్లి శుభలేఖనే తీసుకోండి. హైదరాబాద్ ఛత్తా బజార్ లాంటి చోట్ల శుభలేఖల మీద బంగారు అక్షరాలు వేస్తారు. వేడెక్కిన లోహపు అచ్చు పలచటి ఫాయిల్ మీద పడి, అక్షరం ఉన్నంత మేర దాన్ని కార్డుకు అతికిస్తుంది. వేడి, ఒత్తిడి, ఎంతసేపు నొక్కామన్నది... మూడూ కుదరాలి. వేడి తక్కువైతే బంగారం అంటదు. ఎక్కువైతే గీతల మధ్య ఖాళీలు పూడిపోతాయి. మన తెలుగు అక్షరాలకు ఈ గండం మరీ ఎక్కువ. గుడులు, సుడులు, వత్తుల్లోని చిన్న చిన్న ఖాళీలు మూసుకుపోయి 'చిరంజీవి' కాస్తా బంగారు చుక్కల వరసగా మారిపోతుంది. ఒకపూట ఆ యంత్రం దగ్గర నిలబడి తన చేత్తో నొక్కి చూసిన డిజైనర్ మళ్లీ వత్తుల మీద అంత సన్నటి ఖాళీ వదలడు. పోచంపల్లిలో పాకే రంగు, ఛత్తా బజార్‌లో పూడే బంగారం నేర్పేది ఒక్కటే పాఠం.

ప్రపంచంలో పేరున్న డిజైన్ బడులూ ఇదే నమ్మాయి. 1919లో జర్మనీలో మొదలైన బౌహౌస్‌లో విద్యార్థికి ఇద్దరు గురువులు ఉండేవారు. ఒకరు రూపం నేర్పితే, మరొకరు చేతిపని నేర్పేవారు. మన అహ్మదాబాద్‌లో 1961లో జాతీయ డిజైన్ సంస్థ ఏర్పడటానికి దారి చూపిన 1958 నాటి ఈమ్స్ దంపతుల నివేదిక అందమైన డిజైన్‌కు ఉదాహరణగా చూపించింది దేన్నో తెలుసా? తరతరాల చేతుల్లో రూపు దిద్దుకున్న మన ఇత్తడి చెంబును!

చేయి దూరమైతే...

ఇప్పుడు డిజైన్లు ఫోన్లలో వస్తున్నాయి. ఎక్కడో నగరంలో కూర్చుని గీసిన బొమ్మ క్షణంలో పల్లెలో మగ్గం దగ్గరకు చేరుతుంది. అందులో తప్పేం లేదు. కానీ ఆ గీసిన చేయి ఎప్పుడూ ముడి వేసి ఉండకపోతే భారమంతా ఇటువైపు పడుతుంది. అసాధ్యమైన గీతను సాధ్యం చేయడానికి కట్టేవారు రాత్రిళ్లు కూర్చోవాలి. కూలి మాత్రం గీతల సంఖ్యను బట్టి పెరగదు. ఇంకోపక్క ఇక్కత్ బొమ్మను బట్ట మీద ముద్ర వేసేసి అమ్మే నకిలీలు. వాటికి ముడీ అక్కర్లేదు, ఆసూ అక్కర్లేదు. ధరలో వాటితో పోటీపడలేక నేత మానేసిన కుటుంబాలు ఈ ఊళ్లలో ఉన్నాయి. పోచంపల్లి ఇక్కత్‌కు 2005 నాటికే భౌగోళిక గుర్తింపు ఉన్నా, 2021లో ఐక్యరాజ్యసమితి పర్యటక సంస్థ పోచంపల్లిని ఉత్తమ పర్యటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసినా, నకిలీల బెడద తీరలేదు.

ఆసు యంత్రం వచ్చాక భుజాలకు విశ్రాంతి దొరికింది. అది ఎంతో మంచి మార్పు. అయితే ఆ 9,000 తిప్పుళ్ల కష్టం తెలియని తరం వస్తోంది. యంత్రం కష్టాన్ని తీసేయాలి గానీ జ్ఞాపకాన్ని కాదు. అందుకే డిజైన్ నేర్చుకునేవారు ఒక్కరోజైనా పాత ఆసు ముందు కూర్చోవాలి. సాయంత్రానికి భుజం లాగుతుంటే, మర్నాడు గ్రాఫ్ కాగితం మీద గీసే ప్రతి గీతా ఎవరి చేతిని ఎన్నిసార్లు తిప్పుతుందో తనంతట తానే గుర్తొస్తుంది. మన భాషలో పనితనానికి 'చేయి తిరగడం' అని ఊరికే పేరు పెట్టలేదు కదా!

అసలు ఇక్కత్‌ను గుర్తుపట్టేదెలా?

* చీరను తిరగేసి చూడండి. దారానికే రంగు వేస్తారు కాబట్టి అసలు ఇక్కత్‌లో బొమ్మ రెండువైపులా ఒకేలా ఉంటుంది. ముద్ర వేసిన వాటిలో చాలావరకు వెనకవైపు వెలిసినట్టుంటుంది.

* బొమ్మ అంచులు గమనించండి. రంగు పోగుల వెంట కొద్దిగా జారి, ఈక అంచులా కనిపించాలి. గీసినట్టు మరీ తీరుగా ఉంటే అనుమానించాల్సిందే.

* చివర నుంచి ఒక పేక పోగు లాగి చూడండి. పోగు పొడవునా రంగులు మారుతూ ఉంటే అది కట్టి రంగు వేసిన దారమే.

* ఒకే బొమ్మ చీరలో పదిచోట్ల ఉంటే పదీ అచ్చుగుద్దినట్టు ఉండవు. ఆ చిన్న తేడాలే అసలు గుర్తు.

* 2006లో మొదలైన హ్యాండ్లూమ్ మార్కు, పట్టు చీరైతే సిల్క్ మార్కు ఉన్నాయేమో అడిగి చూసుకోండి.